గోడలు లేని జూదపుటిల్లు



సాయంకాలపు వేళ కాశీబుగ్గ కూడలిలో ఒక గడియసేపు నిలుచుండి చూడుడు. పలాస స్టేషనులో రైలు దిగినవారు సంచులు మోసికొనుచు బస్సుల కొరకు వచ్చుచుందురు. జీడిపప్పు కర్మాగారములలో పగలంతయు పని చేసిన స్త్రీలు, జీడి మరకలు పడిన చేతులతో ఇండ్లకు మరలుచుందురు. టీ దుకాణము ప్రక్కనున్న కల్వర్టు గట్టుమీద నలుగురైదుగురు యువకులు కూర్చుండియుందురు. వారు తమలో తాము ఎక్కువగా మాటలాడుకొనరు. ఎవరి ఫోను వారు చూచుకొనుచుందురు. ఉన్నట్టుండి ఒకడు కేకవేయును. మరియొకడు ముఖము త్రిప్పుకొనును. క్రికెట్టు ఆట చూచుచున్నారని మీరనుకొందురు. కొందరి విషయములో అంతియే. మరికొందరి విషయములో ఆ కేక వెనుక 500 రూపాయల పందెమున్నది. ఆ త్రిప్పుకొనిన ముఖము వెనుక తల్లి దాచిన సొమ్మున్నది.

మన పెద్దలకు జూదము తెలియనిది కాదు. ఊరిబయట తోపులో దుప్పటి పరచి పేకాడువారిని వారెరుగుదురు. పోలీసులు వచ్చి పడినప్పుడు ఆ ఆటగాండ్రు పొలములకు అడ్డముపడి పరుగెత్తుటయు ఎరుగుదురు. ఆ జూదమునకు ఒక చోటుండెను. కొడుకు చీకటిపడినను ఇల్లు చేరనియెడల ఏ తోపునకు పోయి వెదకవలెనో తండ్రికి తెలిసియుండెను. నేడు కొడుకు ఇంటిలోనే, తండ్రి ప్రక్క మంచము మీదనే పండుకొని, దుప్పటి ముసుగులో జూదమాడవచ్చును. తండ్రి మేలుకొనియే యుండును, కాని చూడడు. ఇది ఎట్లు సంభవించెనో తెలిసికొనుటకు కొంచెము చరిత్ర చూడవలెను. చరిత్ర చూచినగాని, మన పిల్లల విషయములో మనము ఎక్కడ మెలకువగా నుండవలెనో బోధపడదు.

జూదము నిన్న మొన్న పుట్టినది కాదు. ఋగ్వేదపు పదియవ మండలములో జూదరి దుఃఖమును తెలుపు సూక్తమొకటి కలదు. భార్య దూరమగుట, అత్త అసహ్యించుకొనుట, అప్పులకు భయపడి రాత్రివేళ పరుల యిండ్లకు పోవుట, ఇక ఆడనని నిశ్చయించుకొనియు పాచికల చప్పుడు విని మరల అటే నడచుట, ఇవన్నియు అందు చెప్పబడియున్నవి. సేద్యము చేసికొని ఉన్నదానితో తృప్తిపొందుమని ఆ జూదరికి తుదకు హితవు దొరకును. వేల యేండ్లనాటి ఆ మనుష్యుని మనస్సునకును, కల్వర్టు గట్టుమీది మన యువకుని మనస్సునకును భేదము కనబడదు.

ధర్మరాజు కథ తెలుగువారికి నన్నయ కాలమునుండి, అనగా 11వ శతాబ్దము నుండి, తెలుగు మాటలలోనే వినబడుచున్నది. ఆ జూదమునకై ప్రత్యేకముగా ఒక సభాభవనము కట్టబడెను. ధర్మరాజు ధనమును, రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు భార్యను ఒడ్డెను. ఆ కథలో రెండు సంగతులు గమనింపుడు. మొదటిది, ఓడిన కొలదియు పణము పెరుగుచు వచ్చెను. పోయినదానిని తిరిగి రాబట్టవలెనను ఆశయే అతనిని లోనికి లాగెను. రెండవది, ఎదుట కూర్చుండి పాచికలు వేసిన శకుని తన సొమ్ము ఒడ్డలేదు. నేర్పు అతనిది, పణము దుర్యోధనునిది. ఎదుటివానికి నష్టభయము లేనిచోట ఆట సమానమైన ఆట కాదు. ఈ రెండవ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనియొద్దకు వత్తుము.

ఇక క్రైస్తవ సంఘ చరిత్రను చూతము. క్రీ.శ. 300 దాటిన కొద్ది యేండ్లకు స్పెయిను దేశములోని ఎల్విరా అను చోట సంఘపెద్దల సభ కూడెను. ఆ సభ అనేక నియమములు చేసెను. వాటిలో ఒకటి జూదమును గూర్చినది. డబ్బు పెట్టి పాచికలాడు విశ్వాసిని ప్రభువు బల్లకు దూరముగా నుంచవలెను. అతడు ఆ అలవాటు మానుకొని దిద్దుకొనినయెడల, ఒక సంవత్సరము గడచిన తరువాత మరల చేర్చుకొనవలెను. మనలో కొందరు ఈ నియమములోని మొదటి సగమును మాత్రమే జ్ఞాపకముంచుకొందురు. ఆ పెద్దలు శిక్షను వ్రాసిన చేతితోనే తిరిగివచ్చు దారిని కూడ వ్రాసిరి.

ఇక్కడ ఒక చదువరి అడుగవచ్చును: పరిశుద్ధ గ్రంథములో చీట్లు వేసిన సందర్భములు లేవా? యూదాకు బదులుగా మత్తీయను ఏర్పరచుకొనినది చీట్లవలననే కదా? నిజమే. అయితే అచ్చట చీటి వేసినవారు తమ యిష్టమును ప్రక్కకు పెట్టి దేవుని చిత్తమును కోరిరి. ఒకని చీటి వచ్చుటవలన మరియొకని జేబు ఖాళీ కాలేదు. జూదములోనో, ఒకడు గెలుచుటకు మరియొకడు ఓడియే తీరవలెను.

ఇంకొక ప్రశ్న మన ఉద్దానపు రైతునోట తరచుగా వినబడును: సేద్యము మాత్రము జూదము కాదా? అతనికి ఆ మాట అనుటకు హక్కున్నది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు, తాతలు నాటిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలవ్రాలెను. జీడితోటలు వేళ్లతో పెకలింపబడెను. ఉద్దానమనగా ఉద్యానవనమని పెద్దలు చెప్పుదురు. ఆ తెల్లవారి చూచినవారికి వనము కానరాలేదు. అయినను సేద్యము జూదము కాదు. రైతు గాలికి, వానకు లోబడియుండును గాని, అతని తోట కాచినప్పుడు పొరుగువాని తోట ఎండిపోనక్కరలేదు. కాయలు దించువానికి, పీచు తీయువానికి, బండి తోలువానికి అందరికిని దానిలో పాలున్నది. నాటిన కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. తుపాను తరువాత మరల మొక్క నాటిన రైతు ఆశ వేరు. ఆరు బంతులలో అప్పు తీరునని ఫోను చూచువాని ఆశ వేరు.

ఇప్పుడు ఒక గెలిచినవాని కథ వినుడు. విలియం విల్బర్‌ఫోర్సు పేరు బానిసల విడుదలకై పాటుపడినవాడుగా లోకమెరుగును. ఆయన యౌవనములో లండను క్లబ్బులలో జూదమాడెడివాడు. ఒక రాత్రి ఆయనే ఆటను నడిపించి సుమారు 600 పౌనులు గెలిచెను. ఓడినవారిలో పలువురు ఇంకను ఆస్తి చేతికి రాని యువకులు. ఆ సొమ్ము చెల్లించుట వారికి కష్టమయ్యెను. వారి యిబ్బందిని చూచి ఆయన మనస్సు నొచ్చెను. ఆ నొప్పియే ఆయనకు జూదముపై ఇష్టమును పోగొట్టెను. అటుపిమ్మట 1785 ప్రాంతమున ఆయన జీవితము ప్రభువువైపు తిరిగెను. 1813లో కంపెనీ పట్టా చట్టము ద్వారా హిందూదేశములో మిషనెరీల పనికి దారి తెరచుటకు పార్లమెంటులో పాటుపడినవారిలో ఆయన ముఖ్యుడు. తరువాతి కాలమున, 1874లో, కెనడా బాప్తిస్టులు కాకినాడలో పని మొదలిడి, క్రమముగా మన ఉత్తరపు జిల్లాలకు వచ్చిరి. గెలుపులోనే జూదముయొక్క పాపమును చూచిన ఒక మనుష్యునికి మనమెంత ఋణపడియున్నామో చూచితిరా? ఓడినవాడు జూదమును తిట్టుట సులభము. గెలిచిన సొమ్ము ఎవరి యింటినుండి వచ్చెనని అడుగుట కష్టము.

మన దేశములో చట్టము ఏమి చేసెనో చూతము. 1936లో ఒరిస్సా వేరుపడువరకు మన సోంపేట, టెక్కలి తాలూకాలు గంజాం జిల్లాలో, మద్రాసు ప్రభుత్వము క్రింద నుండెను. 1930లో మద్రాసు జూద చట్టము వచ్చెను. నిజాము సీమకు వేరుగా హైదరాబాదు జూద చట్టముండెను. 1974లో ఆంధ్రప్రదేశ్ జూద చట్టము రెండు ప్రాంతములకును ఒక్కటిగా చేయబడెను. ఈ చట్టములన్నిటికిని ముఖ్యమైన మాట జూదగృహము. ఇల్లో, గదియో, డేరాయో, ఆవరణయో, ఏదో ఒక చోటుండవలెను. ఆ చోట పేకలును పందెపు సొమ్మును దొరకవలెను. గోడలను చూచి పట్టుకొను చట్టమది. అందుకే 1960 ప్రాంతమున బొంబాయిలో ప్రత్తి ధరల అంకెలమీద పందెములుగా మొదలైన మట్కా, చిన్న కాగితపు ముక్కమీద అంకె వ్రాసికొని జేబులో పెట్టుకొను ఆటయై, రాయలసీమ వరకు ప్రాకగలిగెను. గోడలు పలుచబడుట అప్పుడే మొదలయ్యెను.

ఆ కాలపు తీర్పు ఒకటి మన తెలుగుదేశమునుండియే వెలువడినది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుచుండగా 1963లో పోలీసులు పట్టుకొనిరి. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయెను. 1967 నవంబరులో తీర్పు వచ్చెను. రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఏ ముక్క ఉంచవలెనో ఏది వేయవలెనో తెలిసికొనుట కలదు గనుక, అది ముఖ్యముగా నేర్పుతో కూడిన ఆటయని న్యాయమూర్తులు చెప్పిరి. అయితే అదే తీర్పులో మరియొక మాట కూడ కలదు. ఆ యింటి యజమాని రమ్మీవలన గాని, పందెము పెట్టి ఆడు మరి యే ఆటవలన గాని లాభము పొందుచున్నట్లు రుజువైనయెడల, అది నేరము కావచ్చునని వారు తెలిపిరి. ఏబది యేండ్ల తరువాత ఫోనులలోనికి వచ్చిన రమ్మీ వ్యాపారులు మొదటి మాటను జెండాగా ఎగురవేసిరి. రెండవ మాటను గూర్చి మాటలాడలేదు. ప్రతి ఆటలోను తమ భాగము తీసికొనుటయే వారి వ్యాపారము.

గోడలు పూర్తిగా కూలినది మన కన్నుల యెదుటనే. 2008లో ఐపీఎల్ మొదలై, ప్రతి వేసవిని దినదినపు ఆటగా మార్చెను. 2016లో యూపీఐ వచ్చి, బ్యాంకు మెట్లెక్కకుండ సొమ్ము పంపు సౌకర్యము కలిగించెను. ఆ సంవత్సరమే ఫోనులో ఇంటర్నెట్టు మిక్కిలి చవుక అయ్యెను. ఈ మూడును మంచివే కావచ్చును. విశాఖపట్టణములోనో, హైదరాబాదులోనో పనిచేయు మన ఊరి కుర్రవాడు నెల జీతములో కొంత ఒక్క క్షణములో తల్లికి పంపగలుగుచున్నాడు. ఇది చిన్న మేలు కాదు. కాని తల్లికి సొమ్ము పంపు ఆ వ్రేలే, ఆ ఫోనుమీదనే, ఆ క్షణములోనే పందెము కూడ ఒడ్డగలదు. మధ్యలో ఆపి ఆలోచించుటకు నడవవలసిన దారి లేదు, తట్టవలసిన తలుపు లేదు, సిగ్గుపడుటకు ఎదుట మనుష్యుడు లేడు.

ప్రభుత్వములు ఊరకుండలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము తన జూద చట్టమును సవరించి ఆన్‌లైను జూదమును నిషేధించెను. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును అట్లే చేసెను; తరువాతి నెలలో 132 వెబ్‌సైట్లను, యాపులను ఆపవలసినదని కేంద్రమునకు వ్రాసెను. 2023 నవంబరులో కేంద్రము మహాదేవ్ మొదలగు 22 బెట్టింగు యాపులను, వెబ్‌సైట్లను ఆపించెను. 2025 మార్చిలో, ఇట్టి యాపులకు ప్రచారము చేసిన సినిమా నటులమీదను, ఇంటర్నెట్టులో పేరు పొందినవారిమీదను తెలంగాణ పోలీసులు కేసులు పెట్టిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైను ఆటల చట్టమును ఆమోదించెను. 22వ తేదీన రాష్ట్రపతి సమ్మతి లభించెను. నేర్పు ఆటయా, అదృష్టపు ఆటయా అను పాత తగవును అది ప్రక్కకు నెట్టి, సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలనన్నిటిని నిషేధించుచున్నది. వాటిని నడుపువారికి మూడేండ్ల వరకు చెర, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారము చేయువారికి రెండేండ్ల వరకు చెర, 50 లక్షల వరకు జరిమానా. ఆడినవానిని ఆ చట్టము శిక్షింపదు. అతనిని దెబ్బతిన్నవానిగా చూచును. దేశములో 45 కోట్ల మంది ఈ ఆటలవలన ఏటేట 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకొనుచున్నారని ఆ సందర్భమున ప్రభుత్వము అంచనా చెప్పెను.

ఇది మంచి చట్టము. అయినను ఇట్టి యాపులలో అనేకము విదేశములనుండి నడుచునవి. ఒక పేరు ఆపిన మరియొక పేరుతో లేచును. ఒక లింకు మూసిన స్నేహితుని సందేశములో వేరొక లింకు వచ్చును. కావున చట్టము తన పని చేయుచుండగా, ఇల్లును సంఘమును తమ పని చేయవలసియున్నది. ఆ పని చేయుటకు ముందు, ఈ యాపు జేబును ఎట్లు ఖాళీ చేయునో, మనస్సును ఎట్లు పట్టుకొనునో తెలిసికొనుడు.

మొదట లెక్క. రెండు పక్షములకును గెలుపు సమానముగా సాధ్యమైన పందెమొకటి యున్నదనుకొనుడు. న్యాయముగానైన 100 ఒడ్డి గెలిచినవానికి 200 రావలెను. యాపు 190 మాత్రమే ఇచ్చుననుకొందము. అనగా ప్రతి 100కు సగటున 95 తిరిగివచ్చును, 5 యజమానికి చేరును. ఐదు రూపాయలే కదా యని యువకుడనుకొనును. కాని వచ్చిన సొమ్మును అతడు మరల ఒడ్డును. ఈ విధముగా పదిమార్లు త్రిప్పినయెడల 100లో సగటున 60 మిగులును, ఇరువదిమార్లకు 36, ఏబదిమార్లకు సుమారు 8. ఒక రాత్రిలో ఏబది పందెములు వేయుట ఫోనులో కష్టము కాదు. ఎవడో ఒకడు గెలుచును. వాని బొమ్మనే ప్రకటనలో చూపుదురు. ఎవరు గెలిచినను, ఎవరు ఓడినను యజమాని భాగము తప్పదు. శకుని సంగతి జ్ఞాపకమున్నదా? ఎదుట కూర్చున్నవానికి పోవునది ఏమియు లేదు.

ఇక మనస్సు. ఎప్పుడు దొరకునో తెలియని బహుమానము, ప్రతిసారి దొరకు బహుమానముకంటె మనస్సును గట్టిగా కట్టివేయునని శాస్త్రజ్ఞులు చాలకాలము క్రిందటనే కనుగొనిరి. కొంచెములో తప్పిపోయిన గెలుపు ఓటమియే యైనను, మనస్సునకు అది గెలుపు దగ్గరకు వచ్చినట్లు తోచును. పోయిన సొమ్మును వెంటాడుట మొదలైనప్పుడు మనుష్యుడు సొమ్ము కొరకు కాక, తన తప్పు ఎవరికిని తెలియకుండుట కొరకు ఆడును. 1980లో అమెరికా మానసిక వైద్యులు అదుపు తప్పిన జూదమును వ్యాధుల పట్టికలో చేర్చిరి. 2013లో దానిని మద్యము, మత్తుమందుల వ్యసనములతో ఒక వరుసలో నుంచిరి. 2022 జనవరినుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల పట్టికలోను జూద వ్యసనము కలదు. నేనిది చెప్పుట పాపమును చిన్నదిగా చేయుటకు కాదు. పాపమైనదే రోగము కూడ కావచ్చును. అప్పుడు ప్రార్థనయు కావలెను, వైద్యుడును కావలెను.

ఒక యువకుని ఇప్పుడు నేను కల్పించి చెప్పెదను. అతడు ఏ ఒక్కడును కాడు. అయినను మీలో కొందరు అతనిని గుర్తింపవచ్చును. ఉద్దానములో ఒక ఊరు. ఎకరము తోట తుపానులో పోయినది. తండ్రి మూత్రపిండముల వ్యాధితో డయాలిసిస్ కొరకు పలాసకు తిరుగుచున్నాడు. ఆ ప్రాంతమున ఇట్టి యిండ్లు అనేకము. కొడుకు పట్టణములో నెలకు 15,000 జీతమునకు కుదిరెను. స్నేహితుడు ఒక లింకు పంపెను. చేరినందుకు కొంత సొమ్ము ఊరకనే యిచ్చిరి. మొదటి వారములో 1,200 గెలిచెను. చెల్లెలికి ఓణీ కొనెను. ఆ ఓణీ చూచి ఇంటిలో అందరును సంతోషించిరి. రెండవ నెలలో జీతము అయిదవ తేదీకే అయిపోయెను. మూడవ నెలలో తోటివారియొద్ద చేబదులు. నాలుగవ నెలలో అప్పు యాపు: 5,000 అప్పని వ్రాసి, 3,500 చేతికిచ్చి, వారములో మొత్తమంతయు కట్టుమనిరి. కట్టలేనప్పుడు ఫోనులోని బంధువులకందరికిని అవమానకరమైన సందేశములు పంపెదమని బెదిరించిరి.

ఈ చివరి మాట కల్పన కాదు. 2020 డిసెంబరులో తెలుగు రాష్ట్రములలో అప్పు యాపుల వేధింపు పడలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. పోలీసులు అనేకులను అరెస్టు చేసిరి. తరువాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పిచ్చు యాపులు ఫోనులోని చిరునామాలను, బొమ్మలను చూడరాదని నియమము చేసెను. నియమము తప్పి వేధించువాడు నేరస్థుడు. అప్పుపడినవాడు అతనికి బానిస కాడు.

మన యువకుని యొద్దకు మరల రండు. అతడిప్పుడు రాత్రులు నిద్రపోడు. ఫోను మ్రోగిన ఉలికిపడును. ఇంటికి వచ్చినను తండ్రి ముఖము చూడడు. క్వయరులో పాడువాడు ఆదివారము తలనొప్పి యనును. తాను చచ్చినయెడల అందరికిని సుఖమను తలంపు ఒక రాత్రి అతనికి కలుగును. అతని అప్పు మొత్తము ఎంత? కూర్చుండి లెక్క వేసిన 80,000. రెండు మూడేండ్లలో తీర్చుకొనగల అప్పు. ఆ యిల్లు తిత్లీని సహించినది, రోగమును సహించుచున్నది. ఈ అప్పును కూడ సహింపగలదు. కాని అతడు చెప్పలేదు గనుక, అది అతనికి కొండవలె కనబడుచున్నది. చదువరులారా, ఈ వ్యాసములో నేను చెప్పదలచినది ఇదియే: సొమ్ము పోవుటకంటె, పోయినదని చెప్పుటకు ఒక్క మనుష్యుడును లేకపోవుట ఎక్కువ అపాయకరము. ప్రాణము తీయునది ఆ మౌనము.

ఆ మౌనమునకు మనమెంతవరకు కారణము? మన యిండ్లలో మొదటి మాట ఏదై యుండును? వంశము పరువు తీసితివనుట. మన సంఘములలో? ఫలానివాని కొడుకు చెడెనని గుసగుస. మన పండుగలలో నిధులకొరకు లక్కీ డ్రా టిక్కెట్లు అమ్మినప్పుడు నవ్వుచు కొన్నాము. ఉన్నట్టుండి ధనము కలిగినవానిని, అది ఎట్లు వచ్చెనని అడుగక, దీవింపబడినవాడని పిలిచితిమి. త్వరగా వచ్చు ధనమును మనమే పొగడి, దానివెంట పరుగెత్తి పడిన పిల్లవానిని మనమే రాళ్లతో కొట్టుట న్యాయమా?

కొద్ది సొమ్ము ఏమి చేయగలదో తెలిపిన మరియొక చరిత్ర మన ఉద్దానములోనే కలదు. సోంపేటలో కెనడా బాప్తిస్టు మిషను వైద్యుడు బెన్ గల్లిసన్ కంటి రోగులకు సేవచేసెను. ఆయన పనిని గూర్చి విన్న కాల్గరీ పట్టణపు వర్తకుడు ఆర్థర్ జెంకిన్స్, కొద్దిపాటి సొమ్ముతో ఒక గ్రుడ్డివానికి చూపు వచ్చునని తెలిసి, తన స్నేహితులను కూడగట్టి 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థను స్థాపించెను. కెనడాలో ఎవరో ఇచ్చిన కొన్ని డాలర్లు, సోంపేటలో ఒక ముసలి తల్లికి మనుమని ముఖము చూపెను. ఆ సంస్థ తరువాత అనేక దేశములకు వ్యాపించెను. అచ్చటను చిన్న మొత్తములే. ఇచ్చటను చిన్న మొత్తములే. ఇచ్చినవానికి తిరిగి ఏమియు రాలేదు, అయినను ఎవడును నష్టపడలేదు.

ఇక చేయవలసినవి. తలిదండ్రులారా, కొడుకు అప్పు సంగతి చెప్పినప్పుడు మొదటి గంట మందలింపకుడు, వినుడు. తరువాత కాగితము తీసికొని ప్రతి అప్పును వ్రాయించుడు. తోటివారి చేబదులు ముందు, వడ్డీ అప్పులు తరువాత, ఏది ఎప్పుడు తీర్చవలెనో కలిసి నిశ్చయించుడు. అప్పంతయు ఒకేసారి కట్టి చేతులు దులుపుకొనుట కూడ మంచిది కాదు. ఖాళీ అయిన అప్పు మరల ఆడుటకు ధైర్యమిచ్చును. కొంతకాలము అతని బ్యాంకు ఖాతాను ఇంటిలో ఒకరు కలిసి చూడవలెను. ఆ యాపులను తీసివేయించవలెను. మోసము జరిగినయెడల 1930 నంబరునకు వెంటనే ఫోను చేయుడు. నిద్ర పట్టక, చావు తలంపులు వచ్చుచున్నయెడల, 14416 అను టెలిమానస్ నంబరు రాత్రింబగళ్లు ఉచితముగా పనిచేయును, తెలుగులో మాటలాడుదురు. అట్టివానిని ఆ రాత్రి ఒంటరిగా విడువకుడు. సంఘపెద్దలారా, ఎల్విరా పెద్దలవలె దారి తెరచియుంచుడు.

తమ్ముడా, ఈ పుట ఎవరో నీ చేతికిచ్చి యుందురేమో. నీతో రెండు మాటలు. ప్రభువు సిలువమీద నుండగా, ఆయన పాదముల దగ్గరనే సైనికులు ఆయన వస్త్రమునకై చీట్లు వేసికొనిరి. వారి కన్నులు నేలమీద నుండెను. తలయెత్తినయెడల వారికొరకే చనిపోవుచున్నవానిని చూచియుందురు. ఆయన వారిని శపింపలేదు. వారి క్షమాపణకై తండ్రిని వేడుకొనెను. తప్పిపోయిన కుమారుని కథయు నీవెరుగుదువు. అతడు సిద్ధపరచుకొనిన క్షమాపణ మాటలు ముగియకమునుపే తండ్రి పరుగెత్తి వచ్చి మెడమీద పడెను. పోయిన ఆస్తి లెక్క ఆ తండ్రి అడుగలేదు. నీ లెక్క ఎంతయైనను ఈ రాత్రియే ఒకరితో చెప్పుము. తండ్రితో చెప్పలేకపోయిన అన్నతో, అన్నతో చెప్పలేకపోయిన పాస్టరుగారితో చెప్పుము. చెప్పిన తెల్లవారి అప్పు అంతే యుండును గాని, దానిని మోయుటకు ఇద్దరుందురు.

చదువరులారా, రేపు సాయంకాలము కాశీబుగ్గ మీదుగా పోవునప్పుడు ఆ కల్వర్టు గట్టు దగ్గర కొంచెము ఆగుడు. ముఖము త్రిప్పుకొనిన కుర్రవాని ప్రక్కన కూర్చుండి, టీ త్రాగెదవా బాబూ అని అడుగుడు. పూర్వము తండ్రులు కొడుకులను వెదకుచు తోపునకు నడిచిరి. మనము నడవవలసిన దూరము అంతకంటె తక్కువ.